ఫిరంగి గుంట

ఒడిశాలోని సెమిలిగుడ జంక్షన్‌లో లారీలు ఆగేచోట ఉషారాణి టిఫిన్ బండి నడుపుతుంది. ఆమె భర్త ఉమాపతి సెంటరింగ్ మేస్త్రి. ఎక్కడో పరాయి దేశంలో ఓడరేవు కడుతున్నారని, కాంక్రీటు పని తెలిసినవాళ్ళు కావాలని చెప్పి, వానాకాలంలో అతన్ని విమానం ఎక్కించినవాడు కన్నారావు. పరాయివాడు కాదు, ఆమె చిన్నాన్న కొడుకే, ఆమెను అప్పా అని పిలిచే తమ్ముడు. తీరా వెళ్ళాక అక్కడ ఓడరేవు లేదు, యుద్ధం ఉంది. పాస్‌పోర్టు లాక్కుని, సముద్రపు ఒడ్డున పెద్ద ఫిరంగులు నిలబెట్టడానికి కాంక్రీటు గుంటలు కట్టిస్తున్నారు.

ఫోను ఎప్పుడో గాని వచ్చేది కాదు.

"ఏటి తిన్నావు?" అని అడిగింది ఒకసారి, ఇంకేం అడగాలో తోచక.

"రొట్టె. ఉషా, ఇను. అవతలోళ్ళు ఓడల మీద్నుంచి గుండ్లేస్తన్నారు. అప్పుడు కాపలావోళ్ళు మేం కట్టిన గుంటలోకే మమ్మల్ని తోసేసి, ఇనప తలుపుకి బయట్నుంచి గడియ పెట్టేస్తన్నారు. పారిపోతామని ఆళ్ళ బయం. లోపలంతా సీకటి. గోడ అదిరినప్పుడల్లా, ఇసక ఎక్కువ కలిపేసేనేటో అని అదే ఆలోసన నాకు."

ఆమె పరుగున కన్నారావు ఇంటికి వెళ్ళింది. అతను కోప్పడలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మెత్తగా చెప్పాడు.

"నేను మాటాడతన్నాను కదప్పా. నువ్వు ఊరంతా అరిసేవనుకో, ఆడ బావని ముందు వరసకి తోసేస్తారు. నువ్వు నోరెత్తకుండా ఉండడమే బావకి మంచిది."

ఆ మాటతో ఆమె నోటికి తాళం పడింది. అడిగినవాళ్ళందరికీ బాగున్నాడనే చెప్పింది. పోలీసు జీపు టిఫిను కోసం బండి ముందు ఆగినప్పుడల్లా చెప్పెయ్యాలనిపించేది. చట్నీ వేసి ఊరుకునేది. ఇంట్లో పడుకుంటే ఊపిరాడనట్టుండేది. తలుపులన్నీ తెరిచే ఉన్నా అంతే.

ఇలా ఉండగా పక్కింటి అప్పమ్మ మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చింది.

"మా అబ్బాయి బాపిగాడికి కూడా ఆ పోర్టు పనే కుదిరిందమ్మీ. మీ ఆయన ఉన్నాడు కాబట్టి నాకు దిగుల్లేదు. ఆడ కాస్త సూసుకోమని సెప్పవూ?"

ఉషారాణి తల ఊపింది. మిఠాయి నోట్లో పెట్టుకుంది. అప్పమ్మ వెళ్ళాక పెరట్లో ఉమ్మేసి, మొహం కడుక్కుంది. చెబితే ఉమాపతి. చెప్పకపోతే బాపి.

బాపి ప్రయాణమైన రోజు పొద్దున కూడా ఆమె పిండి రుబ్బింది, పొయ్యి వెలిగించింది. అతను ఎక్కిన బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయాక మాత్రం ఇక చేతులు ఆడలేదు. పొయ్యి ఆర్పేసి వెనకాల వచ్చిన రాయగడ బస్సు ఎక్కేసింది.

రాయగడ స్టేషన్లో కన్నారావు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. రైలు వచ్చి ఆగి ఉంది, అతను పంపుతున్న కుర్రాళ్ళంతా అప్పటికే ఎక్కి కూర్చున్నారు. ఆమెను చూడగానే అతని మొహం మారింది.

"అప్పా, ఇలా రా, మాటాడదాం."

"మాటాడొద్దు నువ్వు!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "బాపీ, దిగు! ఆడ పోర్టూ లేదు, ఏటీ లేదు. మీ ఉమాపతి అన్న సేత ఫిరంగులకి గోతులు కట్టిస్తన్నారు. గుండ్లు పడతంటే లోపలెట్టి గడియేస్తన్నారు. మనుసులు సచ్చిపోయే సోటు రా అది!"

"మొగుడు డబ్బులు పంపట్లేదని మతి పోయింది," అని నవ్వాడు కన్నారావు, తక్కినవాళ్ళ వైపు తిరిగి.

బాపి ఆమె మొహంలోకి చూశాడు. సంచి భుజాన వేసుకుని దిగిపోయాడు. అతని వెనక ఇంకొకడు. మిగతావాళ్ళు కిటికీల్లోంచి చూస్తూ ఉండిపోయారు. రైలు కదిలింది.

"బావ మీద ఇంక ఆశొదిలేసుకో," అని కన్నారావు ఆమె చెవి దగ్గర అనేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు బాపీ, అప్పమ్మా తోడు రాగా ఆమె కొరాపుట్ వెళ్ళి పోలీసులకు అంతా చెప్పింది. అప్పటికే కన్నారావు ఇంటికి తాళం పడింది. ఉమాపతి నుంచి ఫోను రావడం కూడా ఆగిపోయింది. దసరా వెళ్ళింది, చలి ముదిరింది. తన నోటితో తానే అతన్ని చంపుకున్నానని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది.

ఒక మధ్యాహ్నం ఏదో తెలియని నంబరు మోగింది.

"ఉషా, నేనే."

"బతికున్నావా? నా మూలంగా నిన్నేటి సేసేరు?"

"ఫోను తీసేసుకున్నారు. ఇంకేటీ లేదులే. ఇను. నువ్వు స్టేసనుకొచ్చి అరిసేవంట గదా. ఆ రైలెక్కినోళ్ళు ఇక్కడే ఉన్నారు, నాతోనే. తలుపేసినప్పుడు ఒకడు ఏడుస్తా సెప్పేడు. ఆయమ్మ మాట ఇనుంటే బాగున్ను అన్నాడు. ఆయమ్మ నా పెళ్ళామే అని ఆడికి నేను సెప్పలేకపోయేను."

"ఆ పిల్లోళ్ళ పేర్లు సెప్పు. ఊళ్ళు సెప్పు," అంది ఆమె. "ఇళ్ళల్లో తెలుసా?"

"తెలీదు. బాగున్నామనే సెప్తన్నారంట."

అతను పేర్లు చెబుతూండగానే ఫోను తెగిపోయింది. ఒక్క పేరే అందింది. దసమంతపూర్ కుర్రాడిది.

ఆ సాయంత్రం వెలుగుండగానే ఆమె బాపిని తీసుకుని దసమంతపూర్‌లో బస్సు దిగింది. అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు చేరింది. వాకిట్లో రాగులు చెరుగుతున్న ఒక ఆడమనిషి చేట కింద పెట్టి, ఎవరు మీరు అని ఒడియాలో అడిగింది.

"మీ అబ్బాయి సంగతి చెప్పాలి," అంది ఉషారాణి, తనకు వచ్చిన ఒడియాలో. "నా మొగుడూ అక్కడే ఉన్నాడు. కేసు పెట్టేం. నువ్వు కూడా రావాలి."