చదవకుండా పెట్టిన సంతకం

మధ్యాహ్నం కాలేజీ క్యాంటీన్‌లో బల్ల చోప్ చేసుకోవడానికి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా ఆపుకోవడానికి, తన్మయి ఎప్పుడూ దాని మీద ఒక పత్రికనే వేసేది. అది కాలేజీలోని సంప్రదాయవాదుల పత్రిక. నెలనెలా గుమ్మం దగ్గర ఊరికే పంచుతారు. తీసుకునేవారు బోలెడుమంది, చదివేవారే లేరు. పెళ్లి గురించి, పెద్దల మాట గురించి అందులో ఏవేవో రాస్తారని వింటేనే తన్మయికి ఒళ్లు మంట. దాన్ని మూయించమని విద్యార్థి సంఘానికి అర్జీ పెట్టి, ఆరు వందల సంతకాలు చేయించింది. శుక్రవారం ఓటింగ్.

"ఓల్డ్ ఇష్యూస్‌లో నాలుగు చెత్త లైన్లు పట్టుకో చాలు లా, ఇట్స్ ఓవర్," అంది స్నేహితురాలు దీక్షిత.

తన్మయి లైబ్రరీకి వెళ్లింది. లైబ్రేరియన్ హరిదాస్ జొహోర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు, మాటల్లో మలయ్ దొర్లుతుంది. ముప్పై ఏళ్ల కిందట ఆ పత్రిక మొదలుపెట్టింది ఆయనే.

"మకాన్ అయిందామ్మా?" అని భోజనం సంగతి అడుగుతూ పలకరించి సంచికల దొంతర ముందు పెట్టాడు.

తప్పులు వెతకడానికి కూర్చున్న పిల్ల రెండు గంటలు కదల్లేదు. ప్రతి సంచికలోనూ చివరి పేజీ ఆ పత్రికను వ్యతిరేకించేవాళ్లదే. 'మీరు మూర్ఖులు' అన్న ఉత్తరాన్ని కూడా ఒక్క అక్షరం తీయకుండా అచ్చువేశారు. ఒక సంచికలో ఆ పేజీ తెల్లగా ఉంది. అడుగున చిన్న అక్షరాలు: 'ఈ నెల మమ్మల్ని కాదన్నవారు ఎవరూ రాయలేదు.' తన్మయి ఆ తెల్ల కాగితం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. ఇంత ధైర్యం ఆమె ఎక్కడా చూడలేదు.

"ఖాళీగా వదిలేశారేంటి అంకుల్? మీరే ఏదైనా రాసుకోవచ్చు కదా!"

"చుట్టానికి వేసిన ఆకులో మనం తింటామామ్మా? ఒకసారి ఓ అమ్మాయి నా వ్యాసాన్నే ఉతికి ఆరేసింది. వెయ్యొద్దని మావాళ్లే కొట్లాడారు. వేశాం. ఆమె చెప్పిందే నిజమని పై నెల నేనే ఒప్పుకున్నాను." ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "నీ అర్జీ చూశాను. మా సంచికలు ఎన్ని చదివావు తల్లీ?"

తన్మయి తల దించుకుంది. "ఇవాళ్టిదాకా ఒక్కటీ లేదు అంకుల్."

శుక్రవారం సభలో ఆమె లేచి నిలబడింది.

"వాళ్ల రాతలు నాకు ఇప్పటికీ నచ్చవు. కానీ ఒక్క ముక్క చదవకుండా సంతకం పెట్టాను, మీ చేతా పెట్టించాను. సారీ. నా పేరు కొట్టేయండి."

దీక్షిత విసురుగా లేచి వెళ్లిపోయింది. వెనక వరుసలోంచి ఒకడు, తర్వాత ఇంకొకరు, తమ పేర్లూ తీసేయమన్నారు. పదకొండు ఓట్ల తేడాతో పత్రిక నిలిచింది.

నచ్చని మాటకు జవాబు చెప్పి గెలవాలి. ఎదుటివాడి నోరు మూయించి గెలిచిన గెలుపు గెలుపే కాదు.