అద్దాల తొడుగు

హీరాలాల్ ఇంటి కంప్యూటర్ సత్తుపల్లిలో ఖాలిద్ రిపేరు షాపులో ఉన్నన్నాళ్లూ బుద్ధిగా పనిచేసేది. తండాకు తిరిగెళ్లిన గంటకే తెరంతా నీలమై ఆగిపోయేది. ఖాలిద్ ర్యామ్ మార్చాడు, విండోస్ మూడుసార్లు ఎక్కించాడు. నాలుగోసారి ఒళ్లుమండి తనే స్కూటరేసుకుని వెళ్లాడు.

గదిలోకి రాగానే కళ్లు జిగేల్‌మన్నాయి. నడుస్తున్న సీపీయూకు నిలువెల్లా ఎర్రటి తొడుగు, దాని నిండా గవ్వలు, అద్దాలు. చెయ్యి పెడితే చుర్రుమంది.

"బొగ్గు గని దుమ్ము పడొద్దని మా అమ్మ రెండు నెలలు కుట్టింది. నీ షాపుకు పంపితే మాసిపోతదని తీసి దాస్తం" అన్నాడు హీరాలాల్, మురిసిపోతూ.

తల్లి ద్వాలి ముఖంలో వెలుగు చూసి ఖాలిద్ తొడుగు అంచు ఓసారి నిమిరాడు. చివరికి చెప్పేశాడు. "కుట్టు మస్తుగుందమ్మా. కానీ గాలాడక మిషన్ ఉడికిపోతున్నది. గందుకే ఆగుతున్నది."

"గీ ముక్క ముందే చెప్పొద్దా కొడుకా! పాపం, దానికెంత ఉక్కపోసిందో!" ద్వాలి తొడుగు సర్రున లాగేసింది. కంప్యూటర్ సాయంత్రం దాకా ఒక్కసారీ ఆగలేదు. ఆ సంబరంలో ఆమె తొడుగు తీసుకెళ్లి ఖాలిద్ స్కూటర్ సీటుకు కట్టేసింది.

ఈసారి ఖాలిద్ నోరు మెదపలేదు. కూర్చుంటే అద్దాలు గుచ్చుకుంటున్నాయని, ఆమె కనుమరుగయ్యేదాకా నవ్వుతూ, నిలబడే బండి నడిపాడు.