రెండు సర్కార్ల మధ్య యాకోబు సారు

సూర్యాపేట హైస్కూల్లో యాకోబు సారు ఏళ్ల తరబడి సోషల్ చెబుతున్నాడు. కేంద్రానికి వెళ్లే పన్నులేవి, రాష్ట్రానికి వెళ్లేవేవి అని నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పగలడు. అంతటి మనిషి ట్యాక్స్ కన్సల్టెంట్ కల్యాణి ముందు కూర్చుని, "రాష్ట్రం నాకియ్యాలె, నేను కేంద్రానికియ్యాలె. ఆళ్లూ ఆళ్లూ సూసుకోరాదా?" అన్నాడు.

కల్యాణి ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. నవ్వాపుకోలేకపోయింది.

"ఆ రెండు కలిపి రాస్తెనే గద సార్, పదో తరగతిల నాకు సున్న ఏసిండ్రు! రేపే ఆఖరు తారీఖు. నలభై వేలు కట్టుండ్రి, లేకుంటె ఫైన్ పడ్తది."

సారు కాగితాలు సర్దుకుని లేచాడు. అసలు సంగతి బయట చెప్పుకునేది కాదు. జీతం ఏరియర్స్ ఒక్కసారిగా చేతికి రాగానే, భార్య జానమ్మకు తెలియకుండా ఆమె పేరు మీద మిర్యాలగూడలో ప్లాటు కొనబోయాడు. ఆమె అన్న ఇంటికి ఆనుకునే ఉంది, చూసి మురిసిపోతుందనుకున్నాడు. ప్లాటు ధరకు బ్యాంకు లోను తీసుకోవచ్చని, చేతికొచ్చినదంతా పెట్టి రాష్ట్రానికి చెల్లాల్సిన స్టాంప్ డ్యూటీ ముందే కట్టేశాడు. తీరా రిజిస్ట్రేషన్ రోజున అమ్మేవాడు అడ్డం తిరిగాడు. డ్యూటీ వాపసు కోసం దరఖాస్తు పెడితే, ఎప్పుడడిగినా ప్రాసెస్‌లో ఉందంటారు. ఇప్పుడు అవే ఏరియర్స్ మీద కేంద్రం పన్ను కట్టమంటోంది.

ఇంట్లో డబ్బున్నది జానమ్మ దగ్గరే. అడగాలంటే చాటుగా చేసిన బేరం కక్కాలి. తనకు చెప్పకుండా చెంచా కొన్నా ఊరుకోని మనిషి ఆమె. సారుకు ఫైన్ కంటే ఆమె అలకంటేనే భయం.

కోదాడ దవాఖానలో నర్సుగా చేసే జానమ్మ సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి సారు టీ పెట్టి ఉంచాడు. ఆమె గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"ఏమైంది? బండితోని ఎవర్నన్న గుద్దినవా?"

"నలభై వేలు గావాలె జానమ్మా."

"ఎందుకు?"

సారు తల వంచుకుని మొదలుపెట్టాడు. బ్లాక్‌బోర్డు ముందు ఎన్నడూ తడబడని నోరు మాటమాటకీ తడబడింది. అంతా విన్నాక జానమ్మ మొహం మాడిపోయింది.

"నా పేరు మీద కొంటవ్, నాకు చెప్పవ్. నేను పేరుకే పనికొస్తనా?"

సారుకు నిజంగానే సిగ్గేసింది. "తప్పయింది. అన్న పక్కనుంటె నీకు సంబురమైతదనుకున్న."

"అన్న పక్కనంటె ఎక్కడ?"

"గోడకు గోడ. రేపు ఇల్లు గట్టుకుంటె నాగమణి వదిన పొద్దుమాపు తోడుంటదని..."

జానమ్మ గ్లాసు కింద పెట్టింది. ఆ వదిన, కట్టిన చీర దగ్గర్నుంచి కూరలో ఉప్పు దాకా జానమ్మ చేసిన ప్రతిదానికీ వంక పెడుతుంది. అన్న పరువు పోతుందని, ఇన్నేళ్లలో ఆ సంగతి మొగుడి దగ్గర ఒక్కనాడూ ఎత్తలేదు.

"వదినతోని గోడకు గోడనా? పొద్దుమాపా?" జానమ్మ ఫోన్ తీసింది. "ఆ కల్యాణి నంబర్ జెప్పు. ఆ రిజిస్ట్రేషన్ ఆగినందుకు ఏ సర్కారుకైనా సరే, నేనే కడ్తా."