పైవీధి నీళ్లపై ప్రజాభిప్రాయం

పైవీధి కుళాయిల్లో నీళ్లు రాక అది పదో రోజు. వాల్వు బాబాయికి కడుపు రగిలిపోతోంది. ఇరవై ఆరేళ్లు ఊరి నీటి గొట్టాల వాల్వులు తిప్పిన మనిషి. మున్సిపాలిటీ, ఓ ప్రైవేటు కంపెనీ చేతులు కలిపి నీళ్ల సరఫరాకి భాగస్వాములైన రోజే ఆయన చేతిలోని, వాల్వులు తిప్పే పొడవాటి ఇనుప తాళం లాగేసుకుని, ఆఫీసు గేటు దగ్గర కాపలాకి కూర్చోబెట్టారు. భాగస్వామ్యమంటే మరేం లేదు, చాకిరీ మనది, పెత్తనం వాళ్లది.

ఆ ఉదయం ఆఫీసు హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ. కంపెనీ మేనేజరు తెర మీద గీతలు చూపించాడు. పైవీధిలో పది రోజులుగా నీటి వాడకం సున్నా అట. అంటే అక్కడ అవసరం లేనట్టే కాబట్టి, ఆ లైను కొత్త కాలనీకి మళ్లించేస్తారట!

"వస్తేగా నాయనా వాడటానికి!" అంటూ బాబాయి అక్క లేచింది. ఆవిడది పైవీధే. మంచం పట్టిన మొగుణ్ణి శుభ్రం చెయ్యడానికి బిందెలు మోసుకుంటూ రోజుకి పదిసార్లు మెట్లెక్కుతోంది.

"కూర్చోండమ్మా. ఇది వాడకందార్ల సమావేశం. వాడకం లేనివాళ్లు వాడకందార్లు కారు కదా!" అన్నాడు మేనేజరు.

ఎవడో కిసుక్కున నవ్వాడు. గుమ్మంలో నిలబడ్డ బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పైవీధి వాల్వు ఎటు తిప్పారు?"

"ఎడమకే. మావాడు పూర్తిగా తెరిచాడు."

"తెరిచాడట, తెరవడం! ఊరంతటికీ అదొక్కటే తిరగేసిన వాల్వు. ఎడమకి తిప్పితే మూసుకుంటుంది. నన్ను ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?"

"పరిశీలిస్తాం," అన్నాడు మేనేజరు, కాగితాలు సర్దుకుంటూ.

బాబాయి ఇక ఆగలేదు. గోడకి వేలాడుతున్న తాళం పీక్కుని బయల్దేరాడు. వెనకాలే అక్క, ఆవిడ వెనక పైవీధి జనం. రోడ్డు పక్క మూత తీసి, తాళం బిగించి, బలంకొద్దీ కుడికి తిప్పాడు. గొట్టం గుర్రుమంది. కాసేపటికి పైనుంచి కేకలు, "వచ్చాయి! వచ్చాయి!" అక్క ఏడుస్తూ తమ్ముడి చేతులు పట్టుకుంది.

మర్నాడు బాబాయి చేతికి ఒక కాగితం ఇచ్చారు. కంపెనీ ఆస్తిని అనుమతి లేకుండా ముట్టుకున్నందుకు ఉద్యోగంలోంచి తీసేశారు. గేటు దాటబోతుంటే అక్కడ అంటించిన ఇంకో కాగితం కనిపించింది. 'ప్రజల కోరిక మన్నించి కంపెనీ పైవీధికి నీరందించింది. ప్రజాభిప్రాయం: సంపూర్ణ సంతృప్తి.'

కింద సంతకాలు. నిన్న హాల్లోకి రానివ్వాలంటే సంతకం చెయ్యాల్సిందేనని గుమ్మం దగ్గర పెట్టించుకున్నవే. అన్నిటికంటే పైన అక్కది.