రెండు దుంగలు, ఒకే సంఖ్య

శబరి నది మీది కోంటా రేవులో 739 సంఖ్య ఉన్న టేకు దుంగలు రెండు తేలాయి. ఉండవలసింది ఒక్కటే. 7393 సంఖ్యది మాత్రం కనబడలేదు. ఫారెస్టు దారోగా వెంటనే తెప్ప నడిపిన భేజ్జి ఆయతు చేతులు వెనక్కి విరిచి కట్టించాడు.

"ఒకటి అమ్ముకున్నవ్. బదులుకు సర్కారీ చెట్టు నరికి దొంగ నంబరు చెక్కినవ్. చల్, జగ్దల్‌పూర్ జైలుకు!"

"కాదు దొరా! సుడి కాడ బండల సందున కొన ఇరుక్కున్నది. కోసి ఇడిపిచ్చిన."

"కోస్తే సేఠ్ చెల్లెలి లెక్కకు దొరకకపోదువా?"

ఆ లెక్క మంగాదేవిది. దుంగల కొనలు కోసుకుపోయే దొంగల బెడద పడలేక కలప సేఠ్ అయిన అన్న శ్రీరంగం ఆమెను ఉపాయం అడిగాడు. మొదలు నుంచి కొనదాకా మూరకొక అంకె చెక్కించమన్నదామె. ఆ సంఖ్య మాత్రం ఒకటీ, తానూ తప్ప మరేదీ నిశ్శేషంగా భాగించలేని ప్రధాన సంఖ్య కావాలి. కొన పోతే చివరి అంకె పోతుంది. మిగిలినది ప్రధాన సంఖ్య కాకుండా పోతుంది. 2311 కొన కోస్తే మిగిలే 231 మూడుతో తెగుతుంది. నిరుడు ఒకడు అలాగే పట్టుబడ్డాడు. అప్పటినుంచి దారోగాకు అదే శాసనం.

రేవు గట్టు మీద నిలబడ్డ మంగాదేవి 739ని మనసులో ఏడుతో భాగించింది. తెగలేదు. పదకొండు, పదమూడు, పదిహేడు, పంతొమ్మిది, ఇరవైమూడు... దేనికీ లొంగలేదు. 7393 తోక తెగినా ప్రధాన సంఖ్యగానే నిలిచింది. ఇంకొక అంకె ఊడితే 73, ఇంకొకటి ఊడితే 7, అవీ అంతే. తరచుగా జరిగేదాన్ని తాను ఎప్పుడూ జరిగేదిగా చెప్పింది.

ఆమె ముఖం చూసి శ్రీరంగం దగ్గరికి వచ్చాడు. "ఏంది చెల్లే? నోరు తెరవకు. నీ లెక్క తప్పంటే మన రెండొందల దుంగలూ ఆపుతడు. వరద దిగితే తెప్ప కదలదు."

"మరి ఆయతు సంగతి?"

అన్న ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. జవాన్లు ఆయతును లేవనెత్తుతున్నారు.

"దారోగా గారూ, ఆగండి," అంటూ మంగాదేవి ముందుకు వచ్చింది. "నా నియమం తప్పు. 7393 కొన కోస్తే 739 మిగులుతుంది; అదీ ప్రధాన సంఖ్యే, దాన్ని నా లెక్క పట్టలేదు. సుడి దగ్గరికి మనిషిని పంపండి. మూడు అంకె చెక్కిన కొన ముక్క అక్కడ ఉండాలి."

"మరి తక్కిన దుంగలు?"

"వాటినీ మళ్ళీ చూడవలసిందే."

సాయంత్రానికి ముక్క దొరికింది. దారోగా కట్లు విప్పించి, సరుకంతా తనిఖీకి గట్టెక్కించమని హుకుం జారీ చేశాడు. ఆయతు ఒరిసిపోయిన మణికట్లతోనే మొదటి దుంగను ఒడ్డుకు లాగాడు. శబరి అప్పటికే జానెడు తగ్గింది.