దేవుడి దారానికి అంటు లేదు

మా ఆయన తిన్న కంచంలోనే చెయ్యి కడుగుతాడు. పెళ్ళయి పదిహేనేళ్ళు, రోజుకు రెండుసార్లు, ఆ కంచం నేనే ఎత్తుతున్నాను. చారు కలిసిన నీళ్ళలో కరివేపాకు, నాలుగు మెతుకులు, ఆయన వేళ్ళ సందుల్లోంచి దిగిన నూనె. కొళాయి నాలుగడుగుల దూరంలోనే ఉంది. "మా నాయన కూడా ఇట్లే కడిగేవాడు" అంటాడు యోగానంద, అదేదో తాతలనాటి మాన్యం అయినట్టు. ఆ నీళ్ళు తొణక్కుండా పెరట్లోకి మోసుకెళ్తుంటే నా గొంతులోకి ఏదో ఎగదన్నుకొస్తుంది. నేను మైక్రోబయాలజీ చదివిన మనిషిని. చీము, కళ్ళె, మలం రోజూ చూస్తాను, ఎప్పుడూ డోకు రాలేదు. ఈ కంచానికి వస్తుంది.

ఆ రోజు పొద్దున కంచం ఎత్తుతుంటే ఆయన అన్నాడు, "డాక్టరు చెప్పినట్టు రాసియ్యి మే. నీ సొమ్మేం పోతాది? ఒక ఆయా కోసరం ఉండే ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

ముందు రోజు సాయంత్రం జరిగిందంతా ఆయనకు చెప్పుకోవడం నాదే బుద్ధి తక్కువ.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పని చేస్తాను. ఆపరేషన్ థియేటర్లో క్రిములు చేరకుండా చూడటం కూడా నా పనే. ఆ నెలలో ముగ్గురు బాలింతలకు సిజేరియన్ కుట్లు చీము పట్టాయి. మూడో అమ్మాయి ధరణి, నగరిలో మగ్గాల పని చేసే ఇంటి కోడలు. కట్టు విప్పితే కుట్లు విచ్చుకుని ఉన్నాయి. ఆ వాసనకు వాళ్ళ అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "యాడ ఏం అంటు తగిలించుకునిందో, సుద్దం లేని మనిషి" అంది. ధరణి బిడ్డ వైపు తిరగలేక గోడ వైపు చూస్తూ పడుకుంది. కడుపు కోసింది ఎవరో, ఏ చేతులు లోపలికి వెళ్ళాయో ఎవరూ అడగలేదు. మంచం మీద ఉన్నదానికే శుభ్రత లేదని తేల్చేశారు.

థియేటర్లో ఆరు చోట్ల దూదిపుల్లలతో నమూనాలు తీసి, క్రిములు పెంచే ఆరు గాజు ప్లేట్లలో రుద్ది నెంబర్లు వేశాను. నాలుగోది థియేటరు కడిగే ఆయా అక్కమ్మ చేతులది. ఆరోది డాక్టర్ ప్రతాప్ ముంజేతిది. ఆపరేషన్లు చేసేదీ ఆయనే, ఆసుపత్రీ ఆయనదే.

థియేటర్లోకి వెళ్ళే ఆడవాళ్ళందరం గాజులూ ఉంగరాలూ తీసి డబ్బాలో వేసి వెళ్తాం. మోచేతి కింద ఏమీ ఉండకూడదని గోడ మీద కాగితం అతికించింది నేనే. ఒకసారి తిరిగి వేసుకోవడం మరిచి ఇంటికొస్తే మా అత్త దేవకమ్మ నన్ను వాకిట్లోనే నిలబెట్టింది. "మొగుడు గుండ్రాయి మాదిరి ఉండంగా బోసి చేతులతో వస్తావా? సిగ్గుండాదా నీకు?" గాజులు వేసుకొచ్చినా వాకిట్లో నిలబడటం తప్పదు. "ఆసుపత్రి అంటు ఇంట్లో కలపాకు. నేను మడిలో ఉండాను, తాకొద్దు" అంటుంది. పెరట్లో చన్నీళ్ళు పోసుకుని, తడి తలతో వంట మొదలుపెడతాను. ఎంగిలి కంచాలు మాత్రం ఆమె మడికి ఎప్పుడూ అడ్డం రావు, ఎత్తేది నేను కాబట్టి.

డాక్టరు కుడి చేతికి ఎర్ర దారం ఉంటుంది. ఎప్పుడు కట్టించుకున్నాడో, జిడ్డు పట్టి నల్లబడి, పీచులు లేచి ఉంటుంది. దాని మీదే సబ్బు, దాని మీదే గ్లౌజు. తీసెయ్యమని రెండుసార్లు చెప్పాను. "దేవుడి దారం ప్రసన్నా, దానికి అంటు ఉండదు" అని నవ్వాడు. మా గాజులకున్న అంటు ఆయన దారానికి లేదు. నమూనా అడిగితే నవ్వుతూనే ఆ చెయ్యి నా ముందు చాపాడు, దూదిపుల్ల ఆ దారం మీదే రుద్దాను. ల్యాబు మనిషి ఏం చేస్తుందిలే అని ధీమా.

రెండో రోజుకు ఆరో ప్లేటు నిండిపోయింది. గొర్రె రక్తం కలిపిన ఎర్రటి పొర మీద బంగారు రంగు చుక్కలు, అంచు దాకా. ధరణి చీములో మొలిచిందీ అదే క్రిమి. ఏ మందుకు లొంగిందీ, ఏ మందుకు లొంగనిదీ అంతా ఒకటే. అక్కమ్మ ప్లేటులో అందరి చర్మం మీదా ఉండే రెండు తెల్ల చుక్కలు తప్ప ఏమీ లేవు.

చూపిస్తే డాక్టరు ముఖం ఒక్క క్షణం మాడింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"నెంబర్లు మార్చమ్మా. ఆరు నాలుగు చెయ్, నాలుగు ఆరు చెయ్. అక్కమ్మను మాన్పించేద్దాం. వాళ్ళు ఎట్లాగూ శుభ్రంగా ఉండరు కదా, అందరూ నమ్మేస్తారు. రేపటికి రిపోర్టు ఇవ్వు."

అందరూ నమ్మేస్తారన్నది నిజం. నాకు రోత పుట్టింది ఆ నిజానికే. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన కూడా రాసియ్యమన్నాడు.

ఆయన పొద్దున మళ్ళీ అన్న ఆ మాట నెత్తిన పెట్టుకునే ఆసుపత్రికి వెళ్ళాను. ల్యాబు గుమ్మం బయట అక్కమ్మ నిలబడి ఉంది, చేతులు కొంగులో చుట్టుకుని.

"మా, నా చేతుల్లో ఏమన్నా ఉండాదా? నిజం చెప్పు. నా మనవరాలికి నేనే అన్నం తినిపిస్తాను. నువ్వు పుల్ల పెట్టి తుడిసినప్పట్నించి బయమేసి తినిపించేది మానేసినాను. అది నా చేత్తో తప్ప తినదు."

ఆమె చేతులు కొంగులోంచి బయటికి తీసి చూశాను. బ్లీచింగుకు గోళ్ళు కూడా అరిగిపోయాయి. రెండు రోజులుగా ఆ చేతులను చూసుకుని తనే అసహ్యించుకుంటోంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఏమీ లేదు అక్కమ్మా. పోయి తినిపించు."

కూర్చుని రిపోర్టు రాశాను. నమూనా తీసిన చోటు అన్న గడిలో, 'ఆపరేషన్ చేసే డాక్టరు కుడి ముంజేతి దారం' అని రాశాను. కింద నా పేరు, ప్రసన్నకుమారి, పూర్తిగా. ఒక కాపీ డాక్టరు గదికి పంపి, ఇంకొకటి నా చేత్తో తీసుకెళ్ళి ధరణి కేసు షీటులో గుచ్చాను. సాయంత్రం దాకా డాక్టరు నాకు మూడుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు. ఇంటికి వచ్చేటప్పుడు గాజులు డబ్బాలోనే వదిలేశాను.

వాకిట్లో మా అత్త నా చేతుల వంక చూసి నోరు తెరిచింది. నేను ఆగలేదు. కొళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, వండి, వడ్డించాను. యోగానంద తిని, చెంబులో నీళ్ళు కంచంలోకి ఒంపుకున్నాడు.

"రాసిచ్చినావా?"

"రాసిచ్చినాను."

"ఆయన చెప్పినట్టేనా?"

"ప్లేటులో ఉన్నట్టు."

చెయ్యి ఆ నీళ్ళలోనే ఆడించి కడుక్కున్నాడు. తర్వాత కంచాన్ని నా వైపు తోశాడు. "ముందు ఇది ఎత్తు. నీ సంగతి తర్వాత సూస్తా."

మెతుకులు నీళ్ళలో తేలుతున్నాయి. నేను బోసి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"మీరే ఎత్తుకోండి. నేను మడిలో ఉండాను."