తొంభై ఎనిమిది శాతం

తాడిపత్రిలో బండలు కోసే ఫ్యాక్టరీ పెట్టి ఇరవై ఏళ్లయినా, జయరాముడికి కంప్యూటర్‌లో అర్థమయ్యేది ఒకే ఒక్క అంకె. ప్రాసెసర్ ఎంత శాతం పనిలో ఉందో చూపించే అంకె అది. ఆఫీసు గదిలోకి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ ఆపరేటర్ సువార్త కుర్చీ వెనక నిలబడి దాని వంకే చూసేవాడు. తొంభై దాటితే మీసం దువ్వుకునేవాడు. డెబ్బైకి దిగిందా, ఇంట్లో బియ్యం నిండుకున్నట్టు మొహం పెట్టేవాడు.

"దుడ్లు పోసి కొన్న మిషనమ్మా. ఊరికే కూసోనీకూడదు" అని సువార్త ఉద్యోగంలో చేరిన రోజే చెప్పాడు.

ఒక్కో బండ ఫోటోను కంప్యూటర్‌కు ఇచ్చి, పగుళ్లు తప్పించి ఎక్కువ పలకలు వచ్చేలా కోత గీతలు వేయించడం సువార్త పని. ఆయన్ను సంతోషపెట్టడానికి ఎనిమిది బండలను ఒకేసారి తెరిచి పెట్టేది. అంకె తొంభై ఎనిమిది దగ్గర నిలబడేది. గీతలు మాత్రం నత్తనడకన వచ్చేవి.

ఆ రోజు మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇంకా నలభై బండలు మిగిలాయి. ఐదు గంటలకల్లా గీతలన్నీ కోత మిషన్‌కు చేరాలి.

"మిషను తొంభై ఎనిమిది చేస్తాండాది. ఇంగ ఆలస్యం నీదే గదమ్మా?" అన్నాడు జయరాముడు. "ఐదుకు కాలేదంటే రేపట్నుంచి రావద్దు. గుత్తిలో ఇంగో ఆపరేటర్ ఉండాడు."

ఆయన బయటికి వెళ్లిపోయాడు. సువార్తకు ఏడుపొచ్చింది. 'రేపట్నుంచి రావద్దు' అన్న మాట ఆమె ఎనిమిదేళ్ల వయసులోనే విన్నది.

అప్పట్లో వానాకాలం ముందు ఊళ్లో ఆసామి ఇంటి వసారాలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచేవాళ్లు. పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చునేవాళ్లు, దినకూలికి. ఎంత బాగుండేదో ఆ వసారా! పచ్చి మట్టి వాసన, పొట్టు దుమ్ము, ఒకరి మొగుణ్ని ఒకరు వెక్కిరించే ఎకసెక్కాలు. సువార్త తల్లి హనుమక్క పగిలిన బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఒలుస్తూ, ఎవరూ చూడకుండా రెండు గింజలు కూతురి నోట్లో వేసేది. ఆ తీపి ఇప్పుడు ఏ గింజలోనూ లేదు.

కాయల మూటలు మిద్దె మీది నుంచి దించడానికి ఉన్నది మాత్రం ఆదెప్ప ఒక్కడే. మెట్లు దిగి మూట విప్పేలోగా ముందు కాయలు అయిపోయేవి. ఖాళీగా ఉన్న చెయ్యి కనబడిందా, ఆసామి గడపలో నిలబడి "రేపట్నుంచి రావద్దు" అనేవాడు. అందుకని కాయలు లేకపోయినా అందరూ ఒట్టి పొట్టునే గెలుకుతూ ఉండేవాళ్లు.

"చెయ్యి ఆపొద్దు పాపా, సూస్తాండాడు" అని హనుమక్క గుసగుసగా చెప్పేది. కదిలే చేతులు చూసి ఆసామి మురిసిపోయేవాడు. పని తెమలకపోతే మరో ఐదుగురు ఆడవాళ్లను పిలిపించేవాడే గానీ, ఆదెప్పకు తోడు ఇంకొకణ్ని పెట్టాలని ఆ మహానుభావుడికి ఏనాడూ తోచలేదు.

సువార్త కన్నీళ్లు తుడుచుకుని తెర వంక చూసింది. బండ బొమ్మ మెమరీలోంచి ముక్కలు ముక్కలుగా అందితేనే ప్రాసెసర్‌కు పని. ఎనిమిది బొమ్మలు ఒక్కసారే మీద పడితే దేనికీ సరుకు వేళకు అందదు. ఆ ఎదురుచూపును కూడా ఈ అంకె పనిలోనే కలిపేస్తోంది. ఇన్నాళ్లూ తను దీని చేత పొట్టు గెలికిస్తోందన్నమాట.

ఆరు బండలు మూసేసి రెండే ఉంచింది. అంకె ఇరవై ఆరుకు పడిపోయింది. సరిగ్గా అప్పుడే జయరాముడు లోపలికి వచ్చాడు.

"ఏమ్మా ఇది! మిషను పండుకోనుండాది!"

సువార్త చెయ్యి మౌస్ మీది నుంచి తీసేసింది. "ఆ అంకె సూడొద్దన్నా. గడియారం సూడు."

ఆయన పళ్లు నూరుతూ నిలబడ్డాడు. ఐదు నిమిషాల్లో రెండు బండలూ అయిపోయాయి. మరో ఐదు నిమిషాల్లో ఇంకో రెండు. పొద్దున ఎనిమిది బండలకు నలభై ఎనిమిది నిమిషాలు పట్టిందని ఆయనకూ గుర్తుంది. ఐదుకు ఇంకా పావుగంట ఉండగానే నలభయ్యో బండ గీతలు కోత మిషన్‌కు వెళ్లిపోయాయి.

"అయితే ఇన్ని దినాలు తొంభై ఎనిమిది ఏల సూపించినావు?" అన్నాడు.

"నువ్వు సూస్తావని, అన్నా."

నోరు జారానని ఆమె భయపడింది. జయరాముడు గడియారం వంక చూసి, "రేపు తొమ్మిదికే రా. ఆలస్యం చేయొద్దు" అని వెళ్లిపోయాడు.

'నువ్వు సూస్తావని' అన్నది ఆ వసారాలో పదిమందీ మనసులో అనుకుని, ఒక్కరూ పైకి అనలేకపోయిన మాట. ఆ మాట తన బిడ్డ అన్నదని తెలిస్తే కడుపు పట్టుకుని నవ్వే మనిషి ఒక్కతే ఉండేది. హనుమక్క పోయి నాలుగేళ్లయింది.